డబ్బు తీసుకుంటే ఆట చెడుతుందన్నాను

నేను కాలేజీలో వాలీబాల్ ఆడిన రోజుల్లో ఆడపిల్లల జట్టుకు మ్యాచ్ ఉన్నప్పుడు తలా ఒక బన్ను, ఒక అరటిపండు ఇచ్చేవారు. కరీంనగర్ నుంచి వరంగల్ దాకా పోయి ఆడి వచ్చినా అంతే. అదే బస్సులో వచ్చే మగపిల్లల జట్టుకు మాత్రం బస్టాండు పక్క హోటల్లో అన్నం పెట్టించేవారు, పైన ఉడికిన గుడ్డు. వాళ్ళలో బాగా ఆడే ముగ్గురికి హాస్టల్ మెస్ బిల్లు కాలేజీయే కట్టేది. గెలిచి వచ్చిన వారం వాళ్ళ చేతికి ఒక కవరు కూడా అందేది. దానికి దారి ఖర్చులు అని పేరు. మేమూ అదే దారిన పోయేవాళ్ళం. మా ఖర్చు మా నాన్నలు పెట్టుకునేవారు.

అప్పట్లో నాకు ఒళ్ళు మండేది. యూనివర్సిటీ జట్టుకు ఎంపికైనప్పుడు బూట్లు కొనుక్కోలేక మా సీనియర్ వదిలేసిన జతలో గుడ్డపేలికలు కుక్కుకొని ఆడాను. కానీ పెళ్ళయి, ఏళ్ళు గడిచి, ఆ మంట చల్లారాక దాన్నే గొప్పగా చెప్పుకోవడం అలవాటైంది. ఎవరింటికి పోయినా, మాటల్లో ఆటల సంగతి వస్తే చాలు, "మేం ఒక్క పైసా తీస్కోకుంట ఆడినం" అనేదాన్ని. వినేవాళ్ళు మెచ్చుకునేవారు. ఆ మెప్పు నాకు బాగుండేది.

ఎనభైల చివర్లో మా ఆయనతో ఒమన్ వచ్చాను. ఆయనది కట్టడాల కంపెనీలో స్టోర్ ఇన్‌ఛార్జి పని. సైట్ అల్ అమెరాత్ వైపు ఎక్కడో కొండల మధ్య. మా కాపురం అల్ హైల్‌లో, ఏసీలు బాగుచేసే షాపు మీద రెండు గదులు. కొన్నేళ్ళు ఇంట్లోనే ఉన్నాను. తర్వాత ఒక బళ్ళో చిన్నపిల్లలకు డ్రిల్ చెప్పాను. తొంభైల నడుమ ఊళ్ళో కొత్తగా పెట్టిన ప్రైవేటు కాలేజీలో ఆడపిల్లలకు ఆటలు నేర్పే మనిషి కావాలంటే వెళ్ళి అడిగాను. పని చేసిన గంటలకే జీతం. వారానికి మూడు రోజులు, మగపిల్లలు హాలు ఖాళీ చేసిపోయాక, తలుపులు వేసుకొని మేం ఆడుకునేవాళ్ళం.

నేను చెప్పబోయే పిల్ల మొదటి వారంలోనే వచ్చింది. రెండేళ్ళ కంప్యూటర్ డిప్లొమాలో చేరింది. పొడుగు, సన్నం, తలకు కట్టిన స్కార్ఫు కదలకుండా నాలుగు పక్కలా పిన్నులు పెట్టుకునేది. ఎడమచేతి వాటం. వాలీబాల్‌లో ఎడమచేత్తో కొట్టే పిల్ల దొరికిందంటే కోచ్‌కు పండగే. అవతలివాళ్ళు కుడిచేతి దెబ్బకు అలవాటుపడి ఉంటారు, చేతులు అడ్డం పెట్టే చోటు తప్పిపోతారు. మొదటిరోజు నేను నెట్ దగ్గర బంతి ఎత్తి ఇస్తే, ఆమె కొట్టిన దెబ్బకు బంతి నేలకు తగిలి గోడకున్న గడియారాన్ని తాకింది. "సారీ మేడం, గడియారం పగల్లేదు కదా?" అని ముందు అదే అడిగింది.

తెలుగులో అడిగింది! కడప యాస. నేను అక్కడే నవ్వేశాను. ఇంట్లో వాళ్ళు మాట్లాడుకునేది దక్కనీ ఉర్దూ. మాలాంటి వాళ్ళతో తెలుగు. తండ్రి సీబ్‌లో ఒక ఒమానీ కుటుంబానికి ఇంటి డ్రైవరు. ఆ విల్లా వెనక, కార్లు పెట్టే షెడ్డు పక్కన రెండు గదుల్లో వీళ్ళుండేవారు. తల్లి కుట్టుపని చేసేది. అర్బాబ్, అంటే ఆ యజమాని, మంచివాడు. పిల్ల మొదటి టర్మ్ ఫీజు ఆయనే కట్టాడట. మిగతాది తండ్రి కూడబెట్టుకోవాలి.

తండ్రి రోజూ సాయంత్రం అర్బాబ్ ఇంటి పిల్లల్ని ట్యూషన్ దగ్గర దింపి, ఈమెను తీసుకుపోవడానికి వచ్చేవాడు. గేటు లోపలికి వచ్చేవాడు కాదు. నేను బయటికి వస్తే కారు దిగి నిలబడేవాడు.

"ఎట్లాడతాంది మేడం మా పాప?"

"మంచిగ ఆడుతది. ఈ ఊర్లె ఇట్ల కొట్టే పిల్ల ఇంకోతి లేదు."

"సదువు గూడా జూడండి మేడం. ఆటలో బడి సదువు మర్సిపోతాదేమో."

"నేను జూస్తలే అన్నా. మీరు రంది పెట్టుకోకుండ్రి."

నేను చూసుకుంటాననడం నాకు చాలా తేలిక.

కాలేజీలో మగపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఒకటుండేది. దాన్ని చూసేవాడు ఈజిప్టు నుంచి వచ్చిన కోచ్, లావుపాటి మనిషి, గొంతు పెద్దది. ఊళ్ళో ఒక ఒమానీ వ్యాపారి కాలేజీ ఆటల కోసమని ఏటా కొంత సొమ్ము ఇచ్చేవాడు. ఆ సొమ్ముతో ఫుట్‌బాల్ ఆడేవాళ్ళకు ఫీజు మాఫీ, నెలనెలా అలవెన్స్. బయటికి చెప్పుకునేవారు కాదు గానీ అందరికీ తెలుసు. ఒకరోజు ప్రాక్టీసు అయిపోయాక మిగతా పిల్లలందరూ వెళ్ళారు గానీ ఈమె మాత్రం నెట్ విప్పుతూ నాతో ఉండిపోయింది.

"మేడం, ఒగ మాట అడగనా?"

"అడుగు బిడ్డా."

"మా క్లాసులో ఒగబ్బాయి ఫుట్‌బాల్ ఆడతాడు. వాడు ఫీజే కట్టడంట. పైన వాడికి నెలకింతని ఇస్తారంట. నిజమేనా?"

"ఎవలు జెప్పిన్రు?"

"వాడే చెప్పినాడు. మనకు గూడా ఇస్తారా అని అడుగుదామని. ఇస్తే మా నాయన అర్బాబ్‌ను అడిగే పని తప్పుతాది. ప్రతిసారీ ఆయప్ప ముందర నిలబడేదానికి మా నాయనకు శానా నామర్దా మేడం."

ఆ మాటలు ఎంత సాదాగా అందో. అందులో ఆశపోతుతనం లేదు, అలక లేదు. నెట్‌ను చాప చుట్టినట్టు చుట్టి చంకలో పెట్టుకొని నా మొహంలోకి చూసింది. నాకు నా పాత బూట్లు, వాటిల్లో పేలికలు గుర్తుకొచ్చాయి. నిజంగానే గుండె కరిగింది. ఆమె భుజం మీద చెయ్యి వేసి చెప్పాను.

"నేను మాట్లాడుత బిడ్డా. ముందుగాల టోర్నమెంట్ గెలువుండ్రి. గెలిచినంక ప్రిన్సిపాల్ ముంగట కూసోని నేనే మాట్లాడుత. నా మాట నమ్ము."

ఆమె నమ్మింది.

ఆ ఏడాది నాలుగు కాలేజీల ఆడపిల్లలకు వాలీబాల్ పోటీ పెట్టారు. హాలులోకి మగవాళ్ళెవరికీ ప్రవేశం లేదు. రిఫరీలు ఆడవాళ్ళు, స్కోరు రాసేవాళ్ళు ఆడవాళ్ళు, చూడ్డానికి వచ్చిన తల్లులు, అక్కచెల్లెళ్ళు. ఆ మూసిన హాలులో పిల్లల గొంతులు ఎట్లా లేచేవంటే, బయట కార్ల దగ్గర నిలబడ్డ తండ్రులకు పాయింటు ఎవరికొచ్చిందో కేకల్ని బట్టే తెలిసేదట.

సెమీఫైనల్లో ఆమె మోకాలికి దెబ్బ తగిలింది. ఎగిరి కొట్టి దిగేటప్పుడు అవతలి పిల్ల కాలు నెట్ కింద నుంచి ఇటు వచ్చింది. ఈమె పాదం దాని మీద పడి మోకాలు పక్కకు తిరిగింది. లేచి నిలబడింది. నేను బెంచీ మీద కూర్చోబెట్టి ఐసు పెట్టి, పట్టీ చుట్టాను. చుడుతున్నప్పుడే నా వేళ్ళ కింద వాపు తెలుస్తోంది. నేనూ ఆటగత్తెనే. ఆ వాపు ఎటువంటిదో నాకు తెలియదని చెప్పలేను.

"ఇంకొక్క సెట్ ఆడగల్గుతవా?" అన్నాను.

"ఆడల్నా మేడం?"

ఆడాలా అని నన్నే అడిగింది. వద్దంటే ఆగిపోయేది. నేను, "నువ్వు లేకుంటే ఓడిపోతం బిడ్డా" అన్నాను.

ఆడింది. గెలిచాం. మర్నాడు ఫైనల్ కూడా ఆడింది, పట్టీ మీద పట్టీ కట్టుకొని. ఎగరడం తగ్గించి, నేల మీదనుంచే బంతిని ఖాళీల్లోకి జార్చింది. చివరి సెట్‌లో పదమూడు పదమూడు ఉన్నప్పుడు మాత్రం ఎగిరింది. కొట్టింది. బంతి అవతల పడటమూ, ఈమె ఇవతల పడటమూ ఒక్కసారే జరిగాయి. హాలంతా పైకప్పు లేచిపోయేలా కేకలు పెడుతుంటే ఆమె మోకాలు రెండు చేతుల్తో పట్టుకొని పక్కకు ఒత్తిగిలి ఉంది. తర్వాతి పాయింటు ఆమె లేకుండానే వచ్చింది. కప్పు తీసుకున్న ఫోటోలో కూడా ఆమె లేదు.

లోపల నరం తెగిందన్నారు ఆస్పత్రిలో. ఆపరేషన్ చేస్తే మంచిదన్నారు. తండ్రి కొన్ని పరీక్షల వరకే చేయించగలిగాడు, అది కూడా అర్బాబ్ దగ్గర జీతం ముందుగా తీసుకొని. కాలేజీ నుంచి ఒక పండ్ల బుట్ట, దానికి రిబ్బను, త్వరగా కోలుకోవాలని అచ్చు వేసిన కార్డు వెళ్ళాయి. ఆ బుట్ట నేనే పట్టుకుపోయి ఇచ్చాను. తల్లి నాకు టీ పెట్టింది. పిల్ల మంచం మీద కాలు చాపుకొని, "కప్పు ఎంత పెద్దది మేడం?" అని అడిగింది. నేను చేతులతో చూపించాను.

నెల తర్వాత కుంటుకుంటూ క్లాసులకు వచ్చింది. తర్వాతి టర్మ్ ఫీజు కట్టాల్సిన గడువు దగ్గర పడుతోంది. ఆ సమయంలోనే నేను మాట్లాడాల్సిన రోజు వచ్చింది. నేను అడగక్కర్లేకుండానే వచ్చింది. ఆ వ్యాపారి కూతురు మా కాలేజీలోనే చదివేది. ఆమె వెళ్ళి ఇంట్లో చెప్పిందేమో, ఆయన ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాశాడు. అమ్మాయిలు గెలిచారని విని సంతోషించానని, తానిచ్చే సొమ్ములో వాళ్ళకు కూడా భాగం ఇవ్వాలనుకుంటే తనకు అభ్యంతరం లేదని రాశాడు. దాన్ని చర్చించడానికి మీటింగ్ పెట్టారు.

మీటింగుకు ముందురోజు ప్రిన్సిపాల్ నన్ను గదికి పిలిచాడు. పెద్దమనిషి, ఎప్పుడూ గొంతు పెంచడు. కుర్చీ చూపించి ఇంగ్లీషులో నెమ్మదిగా చెప్పాడు.

"అమ్మాయిల ఆటలు పెరగాలంటే మాకు ఫుల్‌టైం మనిషి కావాలి. మీరే ఉంటే బాగుంటుందని నా కోరిక. కానీ ఆ జీతం కూడా ఇదే సొమ్ములోంచి రావాలి. రెండూ కుదరవు. ఏది ఎక్కువ ఉపయోగమో మీరే ఆలోచించండి. రేపు మీ మాటకు విలువిస్తాను."

అప్పుడు మా ఆయన కంపెనీలో మనుషుల్ని తీసేస్తున్నారు. సైట్ పని అయిపోవస్తోంది, కొత్త కాంట్రాక్టు రాలేదు. ఇంటికి వచ్చి రోజూ ఎవరెవరికి కాగితం ఇచ్చారో చెప్పేవాడు. నాకు ఫుల్‌టైం ఉద్యోగం వస్తే కనీసం ఇల్లు గడుస్తుంది, ఊరికి తిరిగిపోయే పని తప్పుతుంది. ఈ సంగతి ఇక్కడ చెబుతున్నది నన్ను నేను వెనకేసుకురావడానికి కాదు. ఆ పిల్ల తండ్రికి కూడా ఇల్లు గడవాలి. అది నాకు తెలిసే ఉంది.

మీటింగులో అయిదుగురం. ప్రిన్సిపాల్, అకౌంట్స్ చూసే ఆవిడ, ఫుట్‌బాల్ కోచ్, ఒక లెక్చరరు, నేను. మొదట లెక్చరరు మాట్లాడాడు. చదువుకోవడానికి వచ్చినవాళ్ళకు ఆడినందుకు డబ్బివ్వడమే తప్పు, మగపిల్లలకైనా సరే అన్నాడు. అకౌంట్స్ ఆవిడ ఒప్పుకోలేదు. కాలేజీ ప్రకటనల్లో జట్టు పేరు వాడుకుంటున్నాం, వాళ్ళను చూసి పిల్లలు చేరుతున్నారు, ఆ లాభంలో వాళ్ళకు కొంత ఇస్తే తప్పేమిటి అంది. అమ్మాయిల కప్పు ఫోటో కూడా ప్రకటనలో వేశాం కదా అని కూడా అంది. ప్రిన్సిపాల్ ఈజిప్టు కోచ్ వైపు చూశాడు. అతను గడ్డం గోక్కుంటూ, "ముందు మేడంను చెప్పనీయండి" అన్నాడు.

అందరూ నావైపు తిరిగారు.

నేను మాట్లాడాను. మాటలు తడుముకోలేదు. ఏళ్ళ తరబడి చుట్టాల ఇళ్ళల్లో, పరిచయస్తుల ఇళ్ళల్లో చెప్పి చెప్పి అరిగిన మాటలే కదా. మా అమ్మాయిలు ఆట మీద ప్రేమతో ఆడుతున్నారన్నాను. దానికి వెలకట్టి వాళ్ళను చిన్నబుచ్చవద్దన్నాను. డబ్బు తీసుకుంటే ఆట చెడుతుంది, ముఖ్యంగా ఆడపిల్లల విషయంలో ఇంట్లోవాళ్ళు కూడా హర్షించరన్నాను. నేను కూడా ఒక్క పైసా తీసుకోకుండా యూనివర్సిటీ దాకా ఆడాను, అందుకే ఈ రోజు తలెత్తుకొని మీ ముందు కూర్చున్నాను అన్నాను. మోకాలు దెబ్బతిన్న పిల్ల సంగతి ఎవరూ ఎత్తలేదు. ఎత్తాల్సింది నేను.

లెక్చరరు మెచ్చుకోలుగా బల్ల మీద తట్టాడు. అకౌంట్స్ ఆవిడ కాగితాలు సర్దుకుంది. "అమ్మాయిల కోచే ఇట్లా అంటే ఇక నేను అనేదేముంది" అంది. పది నిమిషాల్లో అయిపోయింది.

బయటికి వచ్చాక వరండాలో ఈజిప్టు కోచ్ నా పక్కన నడిచాడు. వచ్చీరాని హిందీలో, "మేడం, మా జట్టు సొమ్ములో కొంచెం వదులుకుందామనే వచ్చాను. ఆ ఎడమచేతి అమ్మాయి కోసం. మీరు అడుగుతారనుకున్నాను" అన్నాడు. అతను నన్నేమీ అనలేదు, నిజంగా అర్థంకాక అడిగినట్టు ఉంది. నేను ఏదో గొణిగి స్టాఫ్‌రూమ్‌లోకి వెళ్ళిపోయాను. అన్నాళ్ళూ అతన్ని మోటు మనిషి అని ఇంట్లో ఎగతాళి చేసేదాన్ని.

ఆ నెలలోనే నాకు ఫుల్‌టైం కాగితం ఇచ్చారు. మా ఆయన స్వీట్లు తెచ్చాడు.

"ఏం జెప్పినవే మీటింగ్ల, గంత మెచ్చుకున్నరట?" అన్నాడు.

"ఆట గురించి జెప్పిన" అన్నాను.

టర్మ్ చివర కాలేజీ సంచిక అచ్చయింది. అందులో నా ఫోటో, కింద పెద్ద అక్షరాలతో మీటింగులో నేనన్న మాటలు ఇంగ్లీషులో వేశారు. ప్రిన్సిపాల్‌కే అవి బాగా నచ్చి వేయించాడు. నేను నాలుగు కాపీలు తెచ్చుకున్నాను, కరీంనగర్ పంపడానికి.

మరుసటి వారం ఆ పిల్ల తండ్రి కాలేజీకి వచ్చాడు. మొదటిసారి గేటు దాటి ఆఫీసు దాకా వచ్చాడు. కూతుర్ని మాన్పిస్తున్నానని కాగితం రాసిచ్చి, సర్టిఫికెట్లు తీసుకొని, తిరిగిపోతూ హాలు బయట నన్ను చూసి ఆగాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా వేసుకొని ఉన్నాడు.

"పోయొస్తాం మేడం. పాపను ఇంగ పంపీను."

"ఎందుకన్నా? ఇంకొక్క సంవత్సరమే గద."

"ఆస్పత్రికి కట్టేసినాం మేడం ఫీజుకని పెట్టుకున్న దుడ్లు. అర్బాబ్‌ను ఎన్నిసార్లని అడగల్ల?"

అప్పుడు నేను నిజం చెప్పి ఉండవచ్చు. కనీసం నోరు మూసుకొని ఉండవచ్చు. కానీ నేను అబద్ధమాడాను.

"నేను జెప్పి జూసిన అన్నా. మస్తు జెప్పిన. వాళ్ళు వినలే."

ఆయన తల ఊపాడు. చేతిలో సర్టిఫికెట్ల కింద పట్టుకున్న కాలేజీ సంచిక తీశాడు. నా ఫోటో ఉన్న పేజీ దగ్గర మడత పెట్టి ఉంది.

"నాకు ఇంగిలీసు రాదు మేడం. పాప సదివి చెప్పింది. దుడ్లు తీసుకుంటే ఆట చెడిపోతాదని మీరే చెప్పినారంట గదా." గొంతులో కోపం లేదు. అడగాలా వద్దా అని తటపటాయించే మనిషి గొంతు. "పెద్ద సదువులు సదివినోళ్ళు, మీరు చెప్పింది నిజమే అయ్యుంటాది. నాకొగటే తెలీక అడగతాండా మేడం. మగపిల్లోళ్ళు తీసుకుంటాండారు గదా, వాళ్ళ ఆట చెడిపోలేదా?"

నేను నేల చూశాను. ఆయన నల్లబూట్లు, వాటి మీద సన్నటి దుమ్ము, ఎండ.  ఆయనే నన్ను ఆ స్థితి నుంచి తప్పించాడు.

"ఉంటా మేడం. మీరు పాపకు బాగా నేర్పినారు. ఆ మాట మాత్రం మేము మరిచేది ల్యా."

ఆ సంచిక నాకు ఇవ్వలేదు, విసిరికొట్టలేదు. మళ్ళీ సర్టిఫికెట్ల కింద జాగ్రత్తగా పెట్టుకొని వెళ్ళాడు. కరీంనగర్ పంపడానికి తెచ్చిన కాపీలు నేను పంపలేదు. చించి పారేద్దామంటే కూడా చెయ్యి రాక బీరువా అడుగున పెట్టాను. మా ఆయన ఒకరోజు చూసి, "గిదేందే, నీ ఫోటో దాచిపెట్టుకున్నవ్?" అంటే తల నొప్పిగా ఉందని పడుకున్నాను.

ఆ తర్వాత రెండేళ్ళు ఫుల్‌టైం కోచ్‌గా చేశాను. ఆమెలాంటి పిల్ల మళ్ళీ రాలేదు గానీ మంచి పిల్లలే వచ్చారు. ఎవరన్నా ఎగిరి దిగేటప్పుడు తూలితే చాలు, ఆట ఆపి బెంచీ మీద కూర్చోబెట్టేదాన్ని. ఓడిపోయినా సరే. పిల్లలకు నేను పిరికిదానిలా కనిపించి ఉంటాను. "మేడంకు గెలవాలని లేదు" అని ఒకతె అనడం నేను విన్నాను.

ఒకసారి కొత్త జట్టులో ఒక ఒమానీ అమ్మాయి, ఎక్కడో దూరపు ఊరినుంచి వచ్చి చుట్టాలింట్లో ఉండి చదువుకునేది, ప్రాక్టీసుకు సరిగా రావడం మానేసింది. అడిగితే బస్సు ఖర్చు ఎక్కువవుతోందని చెప్పింది. ఆ రోజే ప్రిన్సిపాల్‌కు ఉత్తరం రాశాను. ఆడే అమ్మాయిలకు కూడా ఫీజు మాఫీ ఉండాలని, ఆటలో దెబ్బ తగిలితే ఆస్పత్రి ఖర్చు కాలేజీయే పెట్టుకోవాలని, ఇంతకుముందు మీటింగులో నేను చెప్పింది తప్పని రాశాను. అవసరమైతే నన్ను మళ్ళీ గంటల లెక్కకు మార్చండని కూడా రాశాను. అది రాయడానికి నాకు రెండేళ్ళు పట్టింది. అప్పటికి మా ఆయనకు వేరే కంపెనీలో పని దొరికి మేం ఒడ్డున పడ్డాం. ఒడ్డున నిలబడి చూపిన ధైర్యం అది. ప్రిన్సిపాల్ ఆశ్చర్యపోలేదు. అమ్మాయిలకు సగం ఫీజు తగ్గించాడు, ఆస్పత్రి ఖర్చు ఒప్పుకున్నాడు. నా ఉద్యోగం ఊడలేదు. అంత సులువైన పని అని తెలిశాక నాకు ఇంకా సిగ్గేసింది.

ఆ పిల్ల సీబ్ బజారులో ఒక టైపింగ్ షాపులో పనిచేస్తోందని ఎవరో చెప్పారు. వీసా కాగితాలు, అర్జీలు టైపు చేసిచ్చే షాపు. అర్బాబ్ తమ్ముడిది. ఒక గురువారం, అక్కడ వారాంతపు సెలవు, పొద్దున్నే మా ఆయన్ను తీసుకెళ్ళమన్నాను. ఏం పని అని అడిగితే, పాత స్టూడెంటును చూడాలన్నాను. ఆయన కారులో ఉన్నాడు. నేను లోపలికి వెళ్ళాను.

గల్లా పక్కన కంప్యూటర్ ముందు కూర్చొని ఉంది. ఒళ్ళు కొంచెం చేసింది. స్కార్ఫు పిన్నులు మాత్రం అట్లాగే నాలుగు పక్కలా. నన్ను చూడగానే లేచి నిలబడింది. లేచేటప్పుడు బల్ల అంచు పట్టుకుంది.

"మేడం! కూర్సోండి. టీ చెప్పేదా?"

"వద్దు బిడ్డా. కాలెట్లుంది?"

"మెట్లెక్కేటప్పుడు నొస్తాది. మామూలుగా ఏం లేదు."

 "తప్పయింది బిడ్డా. నీకు మాటిచ్చి అక్కడ ఉల్టా మాట్లాడిన. మీ నాయనకు గూడ అబద్ధం జెప్పిన. నిన్ను ఆ కాలుతోని ఆడిపిచ్చింది గూడ నేనే" అన్నాను.

ఆమె కీబోర్డు మీద ఉన్న కాగితాన్ని సరిచేసింది. 

"ఇప్పుడు ఆడేవాళ్ళకు ఇస్తాండారా మేడం?"

"సగం ఫీజు తగ్గించిన్రు."

"మగపిల్లలకు?"

"పూర్తిగనే."

నవ్వలేదు, మొహం చిట్లించలేదు. ఇంకో ప్రశ్న అడిగింది.

"మేడం, మీరు కాలేజీలో ఆడేటప్పుడు మీకు ఎవురన్నా ఇచ్చింటే తీసుకోకుండా ఉంటాంటిరా?"

"తీసుకుందును" అన్నాను. "కళ్ళకద్దుకొని తీసుకుందును."

"ఆ మాట చెప్పింటే సరిపోయేది గదా మేడం, ఆ మీటింగులో."

అప్పుడే పాస్‌పోర్టులు పట్టుకొని ముగ్గురు కూలీలు లోపలికి వచ్చారు. ఆమె వాళ్ళను హిందీలో కూర్చోమని, నావైపు తిరిగి, "మా నాయనకు చెప్తా మేడం మీరొచ్చినారని" అంది. నేను లేచాను. క్షమించానని ఆమె అనలేదు. అనాలని నేను కోరుకోవడం కూడా ఎక్కువే.

కారులో కూర్చున్నాక మా ఆయన, "ఏడ్సినవా?" అన్నాడు. అప్పుడు చెప్పాను, మొత్తం. నెట్ చుట్టిన రోజు ఇచ్చిన మాట, పట్టీ కింద వాపు, ప్రిన్సిపాల్ గది, ఆ తండ్రి ముందు ఆడిన అబద్ధం. ఆయన బండి స్టార్ట్ చేయకుండా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకొని విన్నాడు. నా ఉద్యోగం వచ్చిననాడు తెచ్చిన స్వీట్ల సంగతి ఆయనకూ గుర్తొచ్చి ఉంటుంది.

"ఆయన దగ్గరికి గూడ పోవాలె" అన్నాడు చివరికి. "బిడ్డకు జెప్తె సాలదు."

పోదాం అన్నాను. ఆ శుక్రవారం ఏదో పని పడింది. తర్వాతి శుక్రవారం ఎవరో ఇంటికి వచ్చారు. నిజం చెప్పాలంటే పని పడాలని, ఎవరైనా రావాలని నేనే కోరుకున్నాను. ఆ బూట్ల ముందు మళ్ళీ నిలబడే ధైర్యం నాకు లేకపోయింది. మూడు నెలలకు అటువైపు వెళ్తే ఆ విల్లా వెనక గదుల్లో వేరే కుటుంబం ఉంది. అర్బాబ్ ముసలివాడై కారు ఎక్కడం తగ్గించాడని, డ్రైవరుకు జీతం లెక్క చూసి పంపేశాడని, కూతురితో సహా వాళ్ళు కడపకు వెళ్ళిపోయారని, కడపలో ఎక్కడో తనకు తెలియదని ఆ ఇంటి వంటమనిషి చెప్పాడు.